మూడో నంబరు ఇంజను

చీఫ్ బల్లమీదున్న బొమ్మ రైలింజనును వేలితో ముందుకు తోశాడు. అది ఫైళ్ళను గుద్దుకుని ఆగింది.

"దేశభద్రత దీనిమీదే ఆధారపడి ఉంది," అన్నాడు.

గద్ద నవ్వు ఆపుకున్నాడు. గద్ద అతని కోడ్‌నేమ్. డిపార్ట్‌మెంట్ మొత్తంలో బక్కపలచటి ఏజెంటుకి ఆ పేరు పెట్టింది చీఫే. చీఫ్ అతనికి స్వయానా అక్క మొగుడు. ఆఫీసులో 'సార్', ఇంట్లో 'బావగారు'. ఎక్కడైనా భరించడం కష్టమే.

"మధ్యాహ్నం బొమ్మ రైళ్ళ ఎగ్జిబిషన్. పొరుగుదేశం రాయబారి ప్రారంభిస్తాడు. పక్కన నేనుంటాను. సాయంత్రం శాంతి ఒప్పందం. ఈలోపు కుబుసం ముఠా ఆయన్ని లేపెయ్యాలని చూస్తోంది."

"నా పని?"

"అక్కడ రైళ్ళు సరిగ్గా నడవట్లేదు. ఎవరో సిగ్నల్ జామ్ చేస్తున్నారు. టెక్నీషియన్ వేషంలో వెళ్ళి బాగుచెయ్."

"ఎవరు చెప్పారు?"

చీఫ్ టై సర్దుకున్నాడు. "సిల్క్."

సిల్క్ డబుల్ ఏజెంట్, కుబుసం ముఠాలో ఉంటూ డిపార్ట్‌మెంట్‌కి కబుర్లు చేరవేస్తుంది. ఎగ్జిబిషన్‌లో పబ్లిసిటీ ఆఫీసరుగా చేరింది. ఆమె పేరు వినగానే టై సర్దుకునే ఆఫీసర్లు చాలామంది ఉన్నారు. ఆమె రిపోర్టు చివరిదాకా చదివినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

స్టోర్స్‌లో అతనికి ఒక ఫ్లాస్క్ ఇచ్చారు. అందులో కాఫీ లేదు, సిగ్నల్ స్కానర్ ఉంది. మెట్లు దిగుతుంటే అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, మీ బావ ఇవాళ నీ కాపలాలో ఉంటారట. ఆయనకేమన్నా అయితే మళ్ళీ నా గడప తొక్కకు."

"ఆయనకేమవుతుందే అక్కా, అవి బొమ్మ రైళ్ళు," అన్నాడు గద్ద.

హాలు మధ్యలో పెద్ద బల్ల. దానిమీద సొరంగం, వంతెన, స్టేషనుతో సహా ఒక బుల్లి ఊరు. చుట్టూ గార్డు టోపీలు పెట్టుకున్న తలనెరిసిన పెద్దమనుషులు. వాళ్ళలో ఒకాయన నోటితో కూత కూడా వేస్తున్నాడు. జీవితంలో ఎన్ని చూడాల్సొస్తుందో అనుకున్నాడు గద్ద.

సిల్క్ ఎదురొచ్చింది. "ఈ బండి ఎక్కడ ఆగుతుంది?" అంది. అది కోడ్.

"ఆపేవాడున్న చోట," అన్నాడు గద్ద విసుగ్గా.

ఆ ఒక్క బల్లమీదే రెండు క్లబ్బుల రైళ్ళు నడుస్తాయి. ఒకదానికి అధ్యక్షుడు రిటైర్డ్ జడ్జి. ఆయన రైళ్ళకి ఆర్డర్లు పట్టాల గుండా వెళ్తాయి. బల్ల కింద ఒక మెయిన్ బాక్స్, దానితో వైర్‌లెస్‌లో మాట్లాడే రిమోట్లు. రెండోదానికి అధ్యక్షుడు పళ్ళ డాక్టరు. ఆయన రైళ్ళు బ్యాటరీ బళ్ళు. రేడియో ఆర్డరు నేరుగా ఇంజనుకే వెళ్తుంది. ఇద్దరూ పక్కపక్కనే నిలబడతారు గానీ మొహమొహాలు చూసుకోరు.

"మావాళ్ళు క్రమశిక్షణ గలవాళ్ళు," అన్నాడు జడ్జి. "ఫ్యాక్టరీ నుంచి వచ్చే ప్రతి ఇంజను నంబరూ మూడే. కొన్నరోజే మార్చెయ్యాలి. మార్చనివాణ్ణి క్లబ్బు గుమ్మం ఎక్కనివ్వను."

గద్ద ఫ్లాస్క్ మూత తిప్పి బల్లచుట్టూ తిరిగాడు. కుట్రా లేదు, జామరూ లేదు. రెండు క్లబ్బులూ ఒకే వైర్‌లెస్ ఛానల్ మీద కూర్చున్నాయి. డాక్టరు బండి కదిలితే జడ్జి రిమోట్లకి చెవుడొస్తుంది. ఒక్కసారి మాట్లాడుకుంటే సరిపోయేది. అంత పెద్దమనుషులు మాట్లాడుకుంటారా?

"మీరు ఛానల్ మార్చాలండీ," అన్నాడు డాక్టరుతో.

"నేనెందుకు మార్చాలి? ఆయన్నే మార్చమనండి!"

"కొత్త ఛానల్ వీఐపీలకే ఇస్తారండీ."

డాక్టరు తక్షణం మార్చేశాడు. రైళ్ళన్నీ బుద్ధిగా నడిచాయి. గద్దకి తన తెలివిమీద తనకే ముచ్చటేసింది.

మధ్యాహ్నం రాయబారి రిబ్బను కత్తిరించాడు. చీఫ్ ఆయన్ని బుల్లి స్టేషను ముందు నిలబెట్టి ఉపన్యాసం మొదలెట్టాడు. అప్పుడే సొరంగంలోంచి ఒక నల్ల ఇంజను, వెనక ఒకే ఒక్క పెట్టెతో బయటికొచ్చింది.

"అదెవరిది?" అన్నాడు జడ్జి. "మా క్లబ్బుది కాదే!"

గద్ద పక్కకి చూశాడు. సిల్క్ చేతిలో లిప్‌స్టిక్ ఉంది. పెదవులకి మాత్రం అప్పటికే నిండుగా రంగుంది.

"థాంక్స్," అందామె మెల్లగా. "మా రిమోట్ కూడా జడ్జిగారి మెయిన్ బాక్స్‌తోనే మాట్లాడాలి. డాక్టరు రేడియో గోలకి అది పనిచెయ్యక చచ్చిపోయాం. మీ చీఫ్‌నే ఒక మనిషిని పంపమన్నాను. పెట్టెలో బాంబుంది. స్టేషను కింద అయస్కాంతం మీదికి రాగానే పేలుతుంది. కరెంటు ఆపినా, చేత్తో ఎత్తినా పేలుతుంది. ఈ లిప్‌స్టిక్ లాక్కున్నా లాభం లేదు. జనంలో మావాడి దగ్గర ఇంకోటుంది."

చేసిన ఘనకార్యం చెప్పుకోకుండా ఉండలేకపోవడం ఈ వృత్తిలో పెద్ద జబ్బు. కానీ ఇప్పుడు గద్దకి దానిమీద నవ్వు రాలేదు. శత్రువు పని ప్రభుత్వ ఖర్చుతో చేసిపెట్టాడు. స్టేషను దగ్గర బావగారు చేతులూపుతూ మాట్లాడుతున్నాడు. అక్క మొహం కళ్ళముందు కదిలింది. అతనికి నిజంగా భయమేసింది.

"డాక్టరుగారూ! పాత ఛానల్‌కి మారండి!"

"ఇప్పుడేగా మార్పించారు! మళ్ళీ జడ్జిగారి రిమోట్లు చచ్చిపోతాయి!"

"అదే కావాలి!"

డాక్టరు మొహం వెలిగిపోయింది. సంతోషంగా నొక్కాడు. ముఠా రిమోట్లకి చెవుడొచ్చింది. కానీ ఇంజను చివరి ఆర్డరు ప్రకారం వస్తూనే ఉంది. వంతెన దాటింది.

గద్ద బల్లకింద దూరాడు. మెయిన్ బాక్స్‌కి సొంత బటన్లున్నాయి, వాటికి వైర్‌లెస్‌తో పనిలేదు. ఏ ఇంజనుకి ఆర్డరివ్వాలన్నా ముందు దాని నంబరు కావాలి. నంబరెంత? కుబుసం ముఠా గురించి తనకి తెలిసినదంతా తలుచుకున్నాడు. సోమరులు. పొగరుబోతులు.

మూడు నొక్కాడు. రివర్స్ నొక్కాడు.

ఇంజను స్టేషను అంచున తటపటాయించి ఆగింది. వచ్చిన దారినే వెనక్కి నడిచి సొరంగంలో దూరింది. అక్కడ ఆపేసి, కరెంటు తియ్యకుండా గద్ద బయటికొచ్చి హాలు ఖాళీ చెయ్యమని అరిచాడు.

రెండోవాణ్ణి పట్టుకోవడం కష్టం కాలేదు. బుర్రమీసాల మనిషొకడు లిప్‌స్టిక్‌ని చెవిదగ్గర పెట్టుకుని ఊపుతున్నాడు. సిల్క్ చేతులకి బేడీలు పడుతుంటే వాడివైపు అసహ్యంగా చూసింది.

"నంబరైనా మార్చలేదా, వెధవా!"

బాంబు స్క్వాడ్ పెట్టెని నిర్వీర్యం చేసింది. సాయంత్రం ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. తర్వాత చీఫ్ గద్దని పిలిచాడు. ముఖం గంటుపెట్టుకుని ఉన్నాడు.

"జడ్జిగారు కంప్లైంట్ ఇచ్చారు. సిగ్నల్ బాగుచెయ్యమని పంపితే మళ్ళీ పాడుచేసి వచ్చావట. సంజాయిషీ రాసివ్వు."

"రాసిస్తాను," అన్నాడు గద్ద. "నాదీ ఒక మనవి, బావగారూ. ఈసారి మిమ్మల్ని చంపడానికి ఎవరైనా ఇబ్బంది పడుతుంటే, వాళ్ళకి సాయంగా నన్ను పంపకండి."