నాన్న పక్కన స్టూలు

ఉదయం ఎనిమిది కాకముందే ముందు గదిలో బెంచీలు నిండిపోయాయి. చోటు చాలక చెప్పులు గుమ్మం దాటి మెట్ల మీదికి పాకాయి. లోపల్నుంచి నాన్న దగ్గు వినపడగానే అందరూ అర్జీలు సరిచేసుకుని నిటారుగా కూర్చున్నారు. ఆయన వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.

చంటివాణ్ణి చంకనేసుకుని చిట్టి తలుపు పక్కన నిలబడింది. పెళ్ళై మూడేళ్ళయినా, ఒక బిడ్డ తల్లయినా పుట్టింట్లో ఆమె ఇంకా చిట్టే. ఆమె చూపు బెంచీల మీద లేదు. నాన్న కుర్చీని ఆనుకుని ఉన్న స్టూలు మీద ఉంది. పదో తరగతి నుంచి పెళ్ళిదాకా ఆ స్టూలు తనది. అర్జీలు చదివి వినిపించింది తను, నాన్న చెప్పింది చెప్పినట్టు రాసింది తను. ఇప్పుడక్కడ వదిన కూర్చుని, జారే కళ్ళజోడును చిటికెనవేలితో పైకి తోసుకుంటూ, నాన్న అడగకముందే కావలసిన కాగితం అందిస్తోంది.

"అలా గుడ్లు అప్పగించి చూడకే, ఊడి కిందపడతాయి," అంది వంటింట్లోంచి అమ్మ. "వచ్చి బఠాణీలు ఒలువు."

"నాకేం కుళ్ళు లేదు."

"నేను కుళ్ళన్నానా? బఠాణీలన్నాను."

నాన్న ఆరుసార్లు శాసనసభకు గెలిచాడు. మోకాళ్ళు మొరాయిస్తున్నాయని ఈసారి నిలబడనని చెప్పేశాడు. ఆయన ఎవరి పేరు రాస్తే వాళ్ళకే పార్టీ సీటిస్తుంది. ఆ ఉత్తరం ఇవాళ మధ్యాహ్నం వెళ్తుందని తెలిసే చిట్టి నిన్న బస్సెక్కి వచ్చింది. అన్నయ్యకు తన మందుల షాపు తప్ప వేరే లోకం లేదు. ఇక మిగిలింది కూతురూ, కోడలూ.

"ఎవరి పేరు రాశాడమ్మా?" బఠాణీ తొక్కను మెలిపెడుతూ అడిగింది.

"నాకేం తెలుసే? మీ నాన్నని పెళ్ళాడింది నేను, కాపురం చేసింది ఆ బెంచీల వాళ్ళు."

అంతలో చంటివాడు ముందు గదిలోకి పాకి, వదిన ఒళ్ళోకి ఎక్కేశాడు. వాడి చేతికి మూత పెట్టిన పెన్నొకటి ఇచ్చి వదిన తన పని తాను చేసుకుంటోంది. చిట్టికి ఒళ్ళు మండిపోయింది. 'చివరికి నువ్వు కూడానా!' అనుకుని వాణ్ణి లాక్కొచ్చింది. వాడు ఇల్లెగిరేలా ఏడ్చాడు.

వాణ్ణి సముదాయిస్తూ మెట్ల దగ్గరికి వచ్చేసరికి అక్కడ టైలరమ్మ కూర్చుని కన్నీళ్ళు తుడుచుకుంటోంది. చిట్టి చిన్నప్పటి గౌన్లన్నీ ఆవిడ కుట్టినవే. కొత్త వంతెనకి రోడ్డు వెడల్పు చేస్తున్నారు, మూలమీద ఆవిడ దుకాణం పోతోంది.

"సామాను బండికెక్కిస్తున్నాం తల్లీ. మనసాగక మళ్ళీ వచ్చాను, నాన్నగారు ఇంకొక్క మాట చెప్తారేమోనని."

"ఏడవకండి. నాన్నతో నేను మాట్లాడతానుగా. మీ షాపు ఎక్కడికీ పోదు."

టైలరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. "ఎంతైనా కన్నకూతురివి. బయటనుంచి వచ్చినవాళ్ళకి ఈ మనసు ఎక్కడిది!"

ఆ మాట చిట్టికి చెవుల్లో తేనె పోసినట్టుంది. ఆవిడ వెళ్ళిపోయాక వదిన బయటికొచ్చింది.

"ఆవిడకేం చెప్పావు చిట్టీ?"

"షాపు పోదని చెప్పాను. నీ అనుమతి తీసుకోవాలా?"

వదిన ముఖం పాలిపోయింది. కాళ్ళకి దొరికిన చెప్పులేసుకుని వీధిలోకి పరిగెత్తింది. 'ఈ మంచిపేరు కూడా తనే కొట్టేయాలి కాబోలు' అనుకుంది చిట్టి.

బెంచీలు ఖాళీ అయ్యాక బల్ల మీద ఉత్తరం కనిపించింది. వదిన పేరు. కింద నాన్న సంతకం.

అమ్మ కంచాలు పెడుతుంటే చిట్టి ఆ కాగితం తెచ్చి నాన్న ముందు పడేసింది.

"నేనేం తక్కువ చేశాను నాన్నా? నీ అక్షరం ఏదో నా అక్షరం ఏదో తెలియనంతగా రాశాను. ఆవిడ వచ్చి నాలుగేళ్ళు!"

"కూర్చో అమ్మా. తిన్నాక మాట్లాడుకుందాం."

"ఇదే! ఎప్పుడూ ఇదే! బెంచీ మీద కూర్చున్న ముక్కూముఖం తెలియని మనిషికి ఆ పూటే అవుననో కాదనో తేల్చి చెప్తావు. కాలేజీలో చేరతానని నేనడిగితే చూద్దాం అన్నావు. చూద్దాం చూద్దాం అంటూనే పెళ్ళి చేసేశావు! వాళ్ళని చూస్తే నాకు ఎంత కుళ్ళో తెలుసా?"

నాన్న ముద్ద కంచంలోనే వదిలేశాడు. అమ్మ నీళ్ళ చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

అప్పుడే వదిన వచ్చింది. చీర అంచంతా దుమ్ము.

"మావయ్యా, షాపు పోదని చిట్టి చెప్పిందట, టైలరమ్మ ఇక నా మాట నమ్మడం లేదు. బండి వెనక్కి పంపేసింది. మిషన్లన్నీ మళ్ళీ లోపల పెట్టించేసింది. సాయంత్రం కూల్చడానికి వస్తారు."

"కూల్చడమేంటి? నాన్న ఒక మాట చెప్తే..." అంది చిట్టి.

"మావయ్య మూడుసార్లు పైవాళ్ళతో మాట్లాడారు. కుదరలేదు. పక్క వీధిలో వేరే గది ఇప్పించారు. ఆవిడ ఏడ్చి ఏడ్చి ఇవాళ్టికి మనసు సరిపెట్టుకుంది."

ఎవరో ఒక మంచి మాట అంటారని ఎదురుచూడటం ఎలా ఉంటుందో ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు? కాలేజీ ఫారం ఎన్ని నెలలు దిండు కింద పెట్టుకుని పడుకుంది! అదే పని ఇవాళ ఆ ముసలమ్మకి తను చేసింది. కాసిని పొగడ్తల కోసం.

"మావయ్యా, పేరు మార్చి రాయండి," అంది వదిన నెమ్మదిగా. "చిట్టికే ఇవ్వండి. నాకు బాధ లేదు."

"నువ్వు దానమివ్వక్కర్లేదు," అంది చిట్టి. తరవాత నాన్న వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. బెంచీ మీద కూర్చున్నాననుకో. సీటు నాకిస్తావా?"

నాన్న ఈసారి ఆమె ముఖంలోకి చూశాడు.

"ఇవ్వనమ్మా. ఎదుటివాళ్ళు ఏడిస్తే నువ్వు కాదనలేవు. నేనూ అంతే, నా బిడ్డ దగ్గర. నీ చదువు ఆపాలనుకున్నప్పుడు నీ ముఖం చూసి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. తప్పు చేశాను."

చిట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఎందుకో గుండె తేలికైంది. అమ్మ చెంబు కింద పెట్టి, చంటివాణ్ణి తన ఒళ్ళోకి తీసుకుంది.

"నేనే వెళ్ళి చెప్తాను," అంది చిట్టి ముఖం కడుక్కుని. "వదినా, తోడు వస్తావా?"

టైలరమ్మ తిట్టిన తిట్లకి వీధి వీధంతా బయటికొచ్చింది. "ఆశ పెట్టడానికి నీకు నేనే దొరికానా?" అంది. చిట్టి తల దించుకుని చివరిదాకా విన్నది. షాపు ఉండదని రెండుసార్లు విడమరచి చెప్పింది. ఆవిడ అరిచి అరిచి, అలిసిపోయి, గుమ్మం మీద కూలబడింది.

బండి మళ్ళీ దొరకలేదు. చిట్టి కొంగు నడుముకి దోపుకుని పెద్ద మిషను ఒక కొస పట్టుకుంది. రెండో కొస వదిన పట్టుకుంది. కళ్ళజోడు మళ్ళీ ముక్కు మీదికి జారింది, తోసుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. చిట్టి నవ్వు ఆపుకోలేకపోయింది.

"నీ వైపు కాస్త ఎత్తు వదినా. బరువంతా నా మీదే పడుతోంది."