చేపముల్లు చూపిన దిక్కు

పాతబస్తీ జహనుమాలో జాలీ కమాన్ ఇంటి ముందు నుంచి పొద్దుగూకాక ఎవరూ ఒంటరిగా నడవరు. ఆటోవాళ్ళు కూడా అక్కడికి రాగానే హారన్ కొట్టి మరీ దాటుతారు. అందులో మనుషులు లేక ఇరవై ఏళ్ళయింది. అయినా రాత్రయితే లోపల నల్లా విప్పిన చప్పుడు వస్తుందంటారు. ధార పడుతుందట... ఆగుతుందట... మళ్ళీ పడుతుందట.

ఈ మాట ప్లంబర్ మొగులయ్యకు అందరికంటే చేదు. ఆ ఇంటి నల్లా పైపు కోసి, మూతి బిగించి వచ్చింది స్వయంగా ఆయనే. చుక్క నీళ్ళు రావడానికి వీల్లేదని తెలుసు. తెలిసీ, ఆ గేటు ముందుకు రాగానే ఆయన నడక తొందరవుతుంది. భయపడేవాడికి ఎంత తెలిస్తే మాత్రం ఏం లాభం చెప్పండి.

అలాంటి ఇంట్లోకి, చీకటి పడ్డాక, తన కూతురు హరిప్రియ వెళ్తోందని పక్కింటి చంద్రమ్మ ఆయన చెవిన వేసింది.

"నేనైతే చూడలే మొగులన్నా. ఎవరో చూసిన్రట," అంది గొంతు తగ్గించి.

నిప్పు లేనిదే పొగ రాదు కదా! మొగులయ్యకు అన్నం సయించలేదు. పిల్ల ఇంటర్ రెండో సంవత్సరం. ప్రతి ఆదివారం సాయంత్రం డానియేలు సార్ మిద్దె మీదికి పోతుంది. ఆయన రైల్వే సిగ్నళ్ళ పని చేసి రిటైరైన మనిషి. బస్తీ పిల్లలకు రేడియోలో మాట్లాడడం నేర్పిస్తాడట, వచ్చే నెల లైసెన్సు పరీక్ష కూడా రాయిస్తాడట.

"జేబుకో ఫోనున్న కాలంల రేడియో ఏంది?" అని అడిగాడు ఒకసారి.

"టవర్ బందయితే ఫోను ఉత్త డబ్బా బాపు. వరదొచ్చిన నాడు ఇదే పని జేస్తది," అంది పిల్ల.

విన్నాడు. నమ్మలేదు. దానికి తోడు ఆయన పనిసంచిలోంచి మూరెడు పైపు ముక్క, కొత్త స్టీలు టేపు మాయమయ్యాయి. ఏవీ అని అడిగితే, "నేనే తీస్కున్న, అయినంక చూపిస్త," అంటుంది. ఏమి అయినాక?

"ఈ ఐతారం నా కండ్లతోని చూస్త," అన్నాడు భార్య నీలమ్మతో. "తేడా కనబడ్డదో... పరీక్ష బంద్, కాలేజీ బంద్."

"పిల్లనే అడుగరాదు?"

"అడిగితె ఎవలన్న నిజం చెప్తరా?"

నీలమ్మ కంచాలు తీసుకుని లోపలికి పోయింది. ఆయనకు పట్టు వచ్చిందంటే బిగిసిన నట్టే, పానా వేసినా కదలడు.

ఆదివారం ఎనిమిది దాటింది. సందులో బండ్ల లొల్లి తగ్గింది. ఎవరైనా అడిగితే పని మీద వచ్చానని చెప్పుకోవడానికి సంచి భుజాన వేసుకుని, పిల్లకంటే ముందే వెళ్ళి ఆ ఇంటి వాకిటి కమాన్ కింద దూరాడు మొగులయ్య.

లోపల కటిక చీకటి. గబ్బిలాల వాసన. ఫోను లైటు వేస్తే దొంగ ముందే పారిపోతాడని గోడ తడుముకుంటూ నడిచాడు. ఒక గూటిలో చేతికేదో తగిలింది.

టిఫిన్ డబ్బా.

ప్లాస్టిక్‌ది. మూత గట్టిగా బిగించి, చుట్టూ దారంలాంటిదేదో చుట్టి ఉంది. అరచేయి ఆనించి చూశాడు... వెచ్చగా ఉంది. ఇప్పుడిప్పుడే పెట్టిన వేడి!

ఎవడో ఉన్నాడు. వాడికి అన్నం కూడా వస్తోంది. ఎవరింటి నుంచి వస్తోందో వేరే చెప్పాలా? డబ్బాను సాక్ష్యంగా సంచిలో వేసుకుని, ఎండిన బావి గోడ వెనక కూర్చున్నాడు. రానీ. వాడెవడో రానీ.

కాసేపటికి గేటు కిర్రుమంది.

ఒక ఆకారం లోపలికి వచ్చింది. దాని చేతిలో ఏదో ఉంది — చేప తిన్నాక కంచంలో మిగిలే ముల్లు లాంటిది. కానీ మూరెడు పొడవు. నడిమి ఎముక, అటూ ఇటూ పక్కటెముకలు. ఆ పక్కటెముకలు సన్నగా వణుకుతున్నాయి. ఆకారం ఆ ముల్లును ముందుకు చాచి, నిలబడ్డచోటే మెల్లగా తిరిగింది... తిరిగింది... ఆగింది.

సరిగ్గా మొగులయ్య వైపు.

ఆయన ఊపిరి బిగబట్టి, మోకాళ్ళ మీద పాకుతూ బావి అవతలికి చేరాడు. ముల్లు మళ్ళీ కదిలింది. మళ్ళీ ఆయన వైపే ఆగింది. అడ్డంగా రాతి గోడ ఉంది. అయినా చూస్తోంది!

మొగులయ్య వెనక గోడ దూకి సందులో పడ్డాడు. గాజుల దుకాణం షట్టర్‌కు అతుక్కుని తొంగిచూస్తే... సందు మొదట్లో ఇంకో చేపముల్లు. అది మెల్లగా తిరిగి ఆయన మీద ఆగింది. పక్క గల్లీలోకి మళ్ళాడు. అక్కడ ఇంకొకటి. ఒక్కటీ పరుగెత్తదు. ఒక్కటీ అరవదు. తిరగడం, ఆగడం, నడిచి రావడం... అంతే. దగ్గరయ్యేకొద్దీ వాటిలోంచి సన్నని కూత — కీ... కీ... కీ...

"మైసమ్మ తల్లీ," అని గొణిగాడు. పది అంగలు వేస్తే మెయిన్ రోడ్డు. మనుషులు, దీపాలు, ఇరానీ హోటల్. వేసేవాడే. కానీ కాళ్ళు ఆగిపోయాయి.

బిడ్డ ఈ సందుల్లోనే ఉంది.

ఆ క్షణంలో ఆయనకు టిఫిన్ డబ్బా గుర్తులేదు, వాడెవడో గుర్తులేదు. పిల్ల ఒక్కతే ఉందన్న మాట ఒక్కటే మిగిలింది. వెనక్కి తిరిగి, వస్తున్న ఆకారానికి ఎదురుగా, చేతులు చాచి సందుకు అడ్డం నిలబడ్డాడు.

"ప్రియా... యాడున్నవ్ బిడ్డా? ఇంటికి ఉరుకు... నేను ఆపుత దీన్ని..."

చేపముల్లు కిందికి వాలింది.

"బాపు?"

టార్చి వెలిగింది. ఎదురుగా హరిప్రియ. చెమట పట్టిన మొహం. ఆమె చేతిలో నడిమి ఎముక ఆయన పైపు ముక్క. పక్కటెముకలు ఆయన స్టీలు టేపు ముక్కలు, ఇంచీల గీతలతో సహా.

ఆమె దాన్ని ఆయన సంచి వైపు తిప్పింది. కూత చెవులు చిల్లులు పడేలా పెరిగింది.

"నక్క నీ దగ్గరుందా?" అంది నోరు తెరిచి. "సార్ దాచిన ట్రాన్స్‌మీటర్ బాపు అది. నక్క వేట అని మా ఆట. ఆగకుండ కూత పంపుతది, అందుకే వేడెక్కుతది. ఈ యాంటెన్నా ఎటు తిప్పితే కూత గట్టిగ వినబడుతదో అటే నడుస్తం. ఆ ఇంట్లయితే ఎవలు ముట్టరని అక్కడ పెట్టిండు సార్. అసలు కదలని డబ్బా ఇయ్యాల గల్లీలు తిరుగుతుంటే మా పానం పోయింది."

మొగులయ్య డబ్బా తీసి ఇచ్చాడు. తల ఎత్తలేదు.

"ఇందుల ఏముందనుకున్నవ్?"

మొగులయ్య సంచి పట్టీ సవరించుకున్నాడు. పిల్లకు అర్థమయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆమె నడుముకున్న చిన్న రేడియో సెట్టు గరగరలాడింది. డానియేలు సార్ గొంతు. "ప్రియా, నక్క దొరికిందా? డబ్బా ఎవరు తీసిండ్రు? ఓవర్."

ఆమె బటన్ మీద వేలు పెట్టి ఆగిపోయింది. ఇందులో అన్న మాట ఒక్కరికే పోదు, సెట్టున్న అందరికీ పోతుంది. నిజం చెబితే తండ్రి పరువు పోతుంది.

"ఇటియ్యి," అన్నాడు మొగులయ్య. "యాడ ఒత్తాలె?"

చూపించింది. ఒత్తాడు.

"సారూ, నేను మొగులయ్యను. డబ్బా నేనే తీసిన. బిడ్డ మీద అనుమానంతోని తీసిన. తప్పు నాది. పరీక్షకు నేనే తోల్కపోత."

ఎవరూ పలకలేదు. అందరూ తన మొహాన ఉమ్మేసినట్టే అనుకున్నాడు.

"వేలు తియ్యి బాపు," అంది హరిప్రియ. "ఒత్తినంతసేపు నీకేం వినబడదు."

తీశాడు.

"...విన్నం మొగులన్నా," అంటున్నాడు డానియేలు. "పిల్లను తీస్కొని పైలంగ రా. ఓవర్."

వెంటనే ఇంకో గొంతు వచ్చింది. సందు చివర మూడో చేపముల్లు పట్టుకుని నిలబడ్డ పిల్లది. బేబీ, డిగ్రీ చదువుతోంది.

"ఫికర్ చెయ్యకు అంకుల్. మా డాడీ ఐతే ప్రతి ఐతారం నా వెనకనే వస్తడు. ఇప్పుడు గూడ కరెంటు స్తంభం వెనక ఉన్నడు. నేను చూడనట్టే ఉంట. ఓవర్."

బేబీ వెనక స్తంభం చాటున ఒక నీడ ఉలిక్కిపడింది. చెప్పులు విడిచి చేత పట్టుకుని, చప్పుడు కాకుండా ఇంటి దారి పట్టింది.