గడి బయటి బొమ్మ

మధ్యాహ్నం నుంచీ వాన. కంప్యూటర్ నేర్పే ఆ చిన్న గదిలో తడి గొడుగుల వాసన, వేడెక్కిన మిషన్ల వాసన కలిసిపోయాయి. అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు. రంగుల తెర ఉన్న మూల మిషన్ దగ్గర అక్కాచెల్లెళ్లిద్దరే మిగిలారు. వాళ్ల వెనక మాస్టారు.

మాస్టారంటే అక్కకు ప్రాణం. ఆయన సుద్దముక్క పట్టుకునే తీరు చూస్తూ సగం పాఠం గాలికి వదిలేసేది. ఆయనేమో చెల్లి వేసిన బొమ్మనే చూసి మురిసిపోతున్నారు. బేసిక్ అనే కంప్యూటర్ భాషలో గీతలూ సున్నాలూ పేర్చి వేసిన అమ్మాయి. నవ్వు ముఖం, పైకెత్తిన చెయ్యి.

"భలే వేశావమ్మాయ్! ప్రాణం పోసినట్టుంది."

అక్కకు ఒళ్లు మండిపోయింది. చెల్లి తన బొమ్మ తనే వేసుకుంది, ఎంత పొగరు! చెంప మీద చుక్కొకటి ఎక్కువ పడింది, అది కనపడదా ఈయనకి?

"ఇవాళ వ్యూ అనే ఆజ్ఞ చెప్తా," అన్నారు మాస్టారు. "తెర మీద ఓ గడి కట్టేస్తాం. అందులో పడ్డదే కనిపిస్తుంది."

"గడి దాటిన గీత ఏమైపోతుంది మాస్టారూ?" అంది చెల్లి.

"ఏమీ అవదు. మిషన్ గీస్తూనే ఉంటుంది. మనకు కనపడదంతే."

"అయ్యో పాపం!"

ఆయన పకపకా నవ్వారు. ఆ నవ్వు అక్కకు ఒక్కనాడూ దక్కలేదు.

పక్క గదిలో ఫోన్ మోగి ఆయన వెళ్లారు. చెల్లి చేతులు కడుక్కోడానికి లేచింది. అంతే, అక్క చెల్లి ప్రోగ్రాంలో ఒక్క లైను ఇరికించింది. తెర మూలన అగ్గిపెట్టంత గడి కట్టి, బొమ్మ మొత్తాన్నీ దాని బయటికి నెట్టేసింది.

"ఇప్పుడు మురిసిపోండి చూద్దాం!"

రన్ కొట్టింది. గడి ఖాళీగా వచ్చింది. నల్లగా...

ఎందుకో చలేసింది. తెర అద్దంలో వెనక గోడ కనిపిస్తోంది. కిటికీ కనిపిస్తోంది. తను... లేదు. ఒళ్లోకి చూసుకుంది. ఒళ్లు లేదు. భయంతో మీట నొక్కింది. మీట దిగింది. వేలు కనపడలేదు.

చెల్లి తిరిగొచ్చింది. "అక్కా? ఎక్కడున్నావే?"

"ఇక్కడే ఉన్నానే!" అని అరిచింది అక్క. చెల్లి అటు తిరగనైనా లేదు.

"వెళ్లిపోయిందా మీ అక్క?" అన్నారు లోపలికొస్తూ మాస్టారు.

"గొడుగు ఇక్కడే ఉంది మాస్టారూ... అరె, బొమ్మేది? గడి ఎవరు కట్టారు?" చెల్లి మాస్టారి వైపు తిరిగింది. "రేపు అక్క పుట్టినరోజు. దానికే చూపిద్దామని, దాని ముఖమే వేశాను. చెంప మీద పుట్టుమచ్చ కూడా పెట్టాను."

అక్క చెయ్యి చెంప మీదికి వెళ్లింది. అక్కడ చెంప తగల్లేదు.

చెల్లి ఆ లైను చెరిపేసి మళ్లీ రన్ కొట్టింది. ఒక్కో గీతా మెల్లగా వచ్చింది. జుట్టు... కళ్లు... పుట్టుమచ్చ... అక్క ఆశగా ఒళ్లోకి చూసుకుంది. ఏమీ లేదు.

మాస్టారు తెర మీదికి వంగి చాలాసేపు చూశారు. "మీ అక్క ఇంత బాగుంటుందా? ఎప్పుడూ చూడనే లేదు నేను."

చెల్లి తెర దగ్గరికి జరిగింది. బొమ్మ ఎత్తిన చెయ్యి ఇప్పుడు ముందుకొచ్చింది. అరచెయ్యి అద్దానికి ఆనుకుని, పెద్దదై ఉంది.

"ఇది నేనిలా గీయలేదు..." అని గొణిగింది.

బొమ్మ నోటి దగ్గర అద్దం మసకబారింది. చెల్లి చున్నీతో తుడిచింది. పోలేదు. గట్టిగా రుద్దింది.

ఆ ఆవిరి లోపలి వైపున ఉంది.