ఎవరూ లేనోళ్ల ఇల్లు

చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ దిక్కు పోయే ఒక సన్న గల్లీల పాత పెంకుటిల్లు ఉండేది. పొద్దుగూకితే ఆ గల్లీల ఎవరూ నడిచేటోళ్లు కాదు. కిరాయికి దిగినోళ్లు వారం తిరక్కముందే సామాన్లు సర్దుకునేటోళ్లు. లోపలి గొళ్లెం దానంతట అదే పడతదని ఒకరు... ఖాళీ అర్రల ఎవరో దగ్గుతరని ఒకరు...

ఇది నాకు మహేశ్వరి చెప్పింది. ఆమె హాస్టల్ దోస్తు నవనీతకు జరిగిన ముచ్చట.

2011. సమ్మెతోని బస్సులు బంద్ అయితయని పిల్లలంతా ముందే ఊర్లకు పోయిండ్రు. నవనీత ఒక్కతే మిగిలింది. ఆమెకు ఊరున్నది గానీ ఇల్లు లేదు. అమ్మానాన్న చిన్నప్పుడే పోయిండ్రు. సాదిన మేనమామ ఆ యేడే పోయిండు. అత్త ఫోన్ ఎత్తుతలేదు.

ఆఖరికి హాస్టల్‌కు తాళం పడ్డది.

బాగ్ లింగంపల్లిల తెలిసిన పిల్ల ఉన్నదని, బ్యాగు భుజానికేసుకొని బయలెల్లింది. కరెంటు లేదు. ఆ గల్లీకి వచ్చేసరికి వాన దంచింది. ఉరికి పెంకుటింటి చూరు కింద నిలబడ్డది.

వెనక గొళ్లెం కదిలింది... తలుపు తెరుచుకున్నది.

వాన జల్లుకు గడప దాటి అడుగేసింది. లోపల దీపం. దీపం చుట్టూ ముగ్గురు — తెల్లపంచె కట్టిన పెద్దాయన, ఒక ముసలవ్వ, ఇరవై ఏండ్ల పిల్ల. గోడ మీద మాత్రం ఒక్కటే నీడ... నవనీతది.

బ్యాగును గుండెకు అదుముకున్నది.

"భయపడకమ్మా," అన్నడు పెద్దాయన. "నన్ను సూర్యనారాయణమూర్తి అంటారు. ఈవిడ లక్ష్మవ్వ. ఆ అమ్మాయి పల్లవి. మేం ఒకరికొకరం ఏమీ కాము. మాకెవరూ లేరు... అందుకే ఈ ఇల్లు మమ్మల్ని రానిచ్చింది."

"బతికున్నోళ్లకు ఈ తలుపు ఊకె తెరుచుకోదు," లక్ష్మవ్వ గుసగుసగా అడిగింది. "నీకెట్ల తెరుచుకున్నది బిడ్డా?"

"నాకూ... ఎవరూ లేరవ్వా."

ఆ మాట బయటకు రాంగనే ఏడుపొచ్చింది. పల్లవి జర జరిగి పక్కన జాగ ఇచ్చింది. ముందర పళ్లెంల వేడివేడి అన్నం, పప్పు. నవనీత పొద్దటి నుంచి ఏం తినలేదు. చెయ్యి పెట్టబోయింది —

లక్ష్మవ్వ పళ్లెం గుంజుకున్నది.

"వద్దు! ఇది తింటే మళ్ల గడప దాటలేవు."

"దాటి యాడికి పోవాలె?" నవనీత అడిగింది. "మీరు కూసోమన్నరు. నన్ను గట్ల అన్నోళ్లే లేరు. ఈడనే ఉంట."

మళ్ల చెయ్యి చాపింది.

అప్పటిదాంక నోరు విప్పని పల్లవి, చెవి దగ్గరికి వంగింది.

"నేనూ బతికుండగానే వచ్చానక్కా... తిన్నాను."

దీపం ఒక్కసారి కొట్టుకున్నది. నవనీత చెయ్యి ఆగిపోయింది.

"దాన్ని ఆపలేకపోయిన," అన్నది లక్ష్మవ్వ. "నిన్ను పోనీయకుంటే పాపం నాదే. బతుకు బిడ్డా. బతికి, అప్పుడప్పుడు వచ్చిపో. ఈ ఇల్లు నీదే... తొందరేమున్నది?"

తెల్లారి మెట్ల మీద మెలకువ వచ్చింది. రాత్రంతా వాన. ఒంటి మీద ఒక్క చుక్క తడి లేదు.

నవనీత ఆ సంగతి మూడేండ్ల దాంక ఎవరికీ చెప్పలేదు. తర్వాత కానిస్టేబుల్ అయింది. ఆ ఇంటినే కిరాయికి తీసుకున్నది. ఓనర్ ఆమెను ఎగాదిగా చూసి తాళంచెవి చేతుల పెట్టిండట.

2014ల మహేశ్వరి ఏదో పరీక్ష రాయనీకి వచ్చి ఆ ఇంట్లనే దిగింది. పొద్దుగూకంగనే ఒళ్లు కాలే జ్వరమొచ్చి, సోయి లేకుండ పడ్డది. రాత్రి ఎవరో పక్కన కూసోని నుదుటి మీద తడిగుడ్డ మారుస్తనే ఉన్నరు. చల్లటి చెయ్యి. కండ్లు తెరవకుండనే "జర పండుకోవే నవనీతా" అన్నదట మహేశ్వరి.

తెల్లారి బయట తాళం తీసిన చప్పుడైంది. ఖాకీ బట్టల్లనే, అలసిపోయిన మొఖంతోని నవనీత లోపలికొచ్చింది.

"రాత్రంతా బందోబస్తుల ఉన్ననే. ఒక్కదానివే ఉన్నవని మస్తు పరేషాన్ అయిన. ఎట్లున్నది జ్వరం?"

మహేశ్వరి చెయ్యి నుదుటికి పోయింది. నుదుటి మీది గుడ్డ ఇంకా చల్లగనే ఉన్నది.

నవనీత ఆ గుడ్డను చూసింది. చిన్నగ నవ్వి, ఖాళీ వంటింటి దిక్కు తిరిగింది.

"అవ్వా... నేనొచ్చిన. ఇగ నువ్వు పండుకో."