నాలుగింతల ప్రెషర్

బాయిలర్ మెకానిక్ వేషంలో బేస్‌మెంట్‌లోకి దిగిన ఏజెంట్ మొదటి గుండుతో కాపలావాడి గొంతు చీల్చాడు. రెండోది గురితప్పి గోడమీది గ్యాస్ మీటర్‌ను ముక్కలు చేసింది. మూడోది పేల్చేలోపు వెనకనుంచి ఇనుపరాడ్ అతని మోకాలు విరగ్గొట్టింది.

ఏజెన్సీలో అతని పేరు తాబేలు. పైహాల్లో శాంతి చర్చలనీ, కింద విదేశీ ముఠా చేరిందనీ చీఫ్ పొద్దున చెప్పాడు. ఆ హాల్లో దుబాసీగా కూర్చున్నది తాబేలు సొంత అక్క.

రాడ్ పట్టుకున్నవాడు ముఠా నాయకుడు కళ్ళజోడు. పక్కన ఆకుపచ్చ గౌనులో నెమలి. ఆమె రెండు దేశాల జీతం తింటోందని ఏజెన్సీకి తెలుసు. పని ఎవరికి చేస్తోందో మాత్రం తెలియదు.

సిలిండర్‌లోని హైడ్రోజన్ వేడెక్కిన పల్లాడియం లోహపు రేకులోంచి చప్పుడు లేకుండా హాలు కింది ట్యాంకులోకి చేరుతోంది. ప్రవాహం ఇప్పుడే నిలకడకొచ్చింది: రేకులోకి ఎంత దూరితే అవతల అంతే బయటపడుతోంది. ట్యాంకు నిండాక మీట నొక్కితే గ్యాసు హాల్లోకి తన్నుకొచ్చి అంటుకుంటుంది.

వీడి వెనక ఇంకా వస్తారనీ, ఇంకా ఖాళీగానే ఉన్న ట్యాంకు నిండడానికి పట్టే టైములో నాలుగో వంతే చేతిలో ఉందనీ కళ్ళజోడు గొణిగాడు. కొలవడానికి మీటరు పగిలిపోయింది. ఇక లెక్కే దిక్కు.

"ప్రెషర్ నాలుగింతలు చేస్తే?"

"ఫ్లో నాలుగింతలు," అంది నెమలి, గోళ్ళు చూసుకుంటూ.

తప్పు. అది తాబేలుకు తెలుసు. లోహంలో హైడ్రోజన్ అణువు రెండు పరమాణువులుగా విడిపోతుంది. అందుకే ప్రవాహం పీడనపు వర్గమూలాన్నే అనుసరిస్తుంది. నాలుగింతలకు దక్కేది రెండింతలే. ట్యాంకు సగమే నిండుతుంది.

తాబేలు లోపల ఊరట లేచింది. ఈ గదిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది అదేనని అతనికి తెలిసింది. కళ్ళజోడు తన ముఖమే చూస్తున్నాడు. విరిగిన మోకాలిమీద బూటు ఆనించి నలిపాడు.

"మా అక్క ఉంది పైన," అన్నాడు తాబేలు. "నీ కాళ్ళు పట్టుకుంటాను. నొక్కకు."

ప్రతి మాటా నిజమే. ఉన్న భయాన్నే ఎరగా వేస్తున్నందుకు తనమీద తనకే రోత పుట్టింది.

"అక్క ముందు, తమ్ముడు వెనక," అని నవ్వి కళ్ళజోడు వాల్వు తిప్పి ప్రెషర్ నాలుగింతలు చేసి, గడియారం చూశాడు. టైము కాగానే రాడ్ పడేసి మీట నొక్కాడు.

పైన గ్యాసు బుస్సుమంది. నిప్పురవ్వలు చిటపటలాడాయి. అంతే. అంటుకోవడానికి గ్యాసు చాలలేదు. కుర్చీలు జరిగాయి, పరుగెత్తే అడుగుల చప్పుడు తలుపులవైపు సాగిపోయింది.

కళ్ళజోడు మెల్లగా నెమలివైపు తిరిగాడు. "చదువుకున్నదానివి కదే నువ్వు."

"చదువుకోబట్టే."

అతని చేతిలో పిస్టల్ పేలింది. ఆకుపచ్చ భుజం ఎర్రబడింది. అప్పటికే తాబేలు పాక్కుంటూ వెళ్ళి కింద పడున్న రాడ్ అందుకున్నాడు. మొదటి దెబ్బకు కళ్ళజోడు కూలాడు. తర్వాతి దెబ్బలకు అద్దాలు ముఖంలోకి దిగిపోయాయి. చెయ్యి ఆగలేదు, అది ఎవరిదో అన్నట్టు చూస్తూ ఉండిపోయాడు.

"చాలు," అంది నెమలి, గోడకు ఆనుకుని. "ఎప్పుడో పోయాడు."

వైర్‌లెస్‌లో చీఫ్ గొంతు వినిపించింది. హాలు ఖాళీ అయిందట, అందరూ క్షేమమట. ముఠాలో ఎవరైనా ప్రాణాలతో దొరికారా అని అడిగాడు.

"లేదు సార్," అన్నాడు తాబేలు, నెమలివైపు చూస్తూ. "ఒకడు లెక్కల్లో ఫెయిలయ్యాడు."