మూడుసార్లు తిరిగొచ్చిన బుష్షు

పామర్రులో నీటి పంపులు తయారుచేసే షెడ్డుకి సరుకు కొనేవాడు బాలశౌరి. శాంపిల్ అంటే అతనికి ఒళ్ళు మంట. ముత్యంలాంటిది చూపించి పెంకులు పంపిన సప్లయర్లు ఇద్దరు తగిలారు మరి. మూడోసారీ మోసపోతే ఇంటికి పొమ్మని యజమాని తేల్చిచెప్పేశాడు.

అందుకే విజయవాడ ఆటోనగర్‌లో శౌరయ్యగారి లేతు షెడ్డుకి వెళ్ళినప్పుడు, ఆయన కూతురు సంపూర్ణ పంపు ఇరుసుకి తొడిగే తళతళలాడే ఇత్తడి బుష్షు చేతికిస్తే పక్కన పెట్టేశాడు.

"శాంపిల్ వద్దండీ. ఆ మూలనున్న బుష్షుల గుట్టలోంచి నేనే తీసుకుంటా."

"తీసుకోండి. ఇస్త్రీ చొక్కా నల్లబడితే మాత్రం మా పూచీ లేదు," అని నవ్వింది.

పది తీసి కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు. నమ్మకమైన సప్లయర్ దొరికాడు, చిక్కూ వచ్చిపడింది. సరుకు బాగుంటే లారీలో వచ్చేస్తుంది. ఆ నవ్వు లారీలో రాదు కదా!

మరుసటి వారం ఒక బుష్షు పట్టుకుని బస్సెక్కి వచ్చాడు. "లావుందండీ." సంపూర్ణ లోపలికెళ్ళి బదులు తెచ్చిచ్చింది. పై వారం దాన్నే తెచ్చి, "సన్నగుందండీ" అన్నాడు. మూడోవారం వానలో ముద్దగా తడిసి మరీ వచ్చి, "గరుకుగా ఉందండీ" అన్నాడు.

శౌరయ్యగారికి కోపం నషాళానికెక్కింది. "ఇన్ని వంకలు పెట్టే గిరాకీ మనకొద్దు. రేపటి లోడు ఆపేయమ్మా!"

లోడు ఆగితే బాలశౌరికి ఉద్యోగం పోతుంది, ఈ గుమ్మమూ పోతుంది.

సంపూర్ణ బుష్షు తిప్పి చూపించింది. "లోపల ఈ చుక్క చూశారా? మొదటివారమే పంచ్‌తో కొట్టాను. బదులని ఇచ్చిందల్లా ఇదే. లావుగా ఉన్నది సన్నబడి, ఆనక గరుకెక్కిందా అండీ?"

బాలశౌరి తల దించుకున్నాడు. "బుష్షులో తప్పు లేదండీ శౌరయ్యగారూ. మీ అమ్మాయిని చూడాలని అబద్ధమాడాను. నా ఉద్యోగం పోతే పోనీండి, మీ పనికి మాత్రం వంక లేదు."

శౌరయ్యగారు అతన్ని ఎగాదిగా చూశారు. "ఆదివారం చర్చిలో పూజయ్యాక మీ అమ్మగార్ని, నాన్నగార్ని తీసుకురా. నేనూ శాంపిల్ చూసి మోసపోను, గుట్టంతా చూడాలి. అమ్మా, లోడు పంపెయ్."

గుమ్మం దగ్గర బాలశౌరి గుసగుసగా అడిగాడు. "మొదటివారమే పట్టేశారుగా, మూడువారాలు ఎందుకూరుకున్నారండీ?"

సంపూర్ణ తన గొడుగు అతని చేతిలో పెట్టింది.

"అప్పుడే చెప్పేస్తే మళ్ళీ వచ్చేవారా?"