ఎత్తేసిన నిచ్చెన

ఆ దీవి కొడవలిలా వంగిన చోట నీళ్ళు ఎంత నెమ్మదిగా ఉంటాయో, ఆ చోటికి పేరు అంత చెడ్డది. పడవలవాళ్ళు దాన్ని తట్టే మలుపు అంటారు.

చీకటి పడ్డాక అక్కడ లంగరు వేస్తే, కింద నీళ్ళలోంచి ఎవరో పడవని తడతారట. ఠక్... ఠక్... ఠక్... మూడుసార్లు. కాసేపు ఆగి, మళ్ళీ మూడు. ఎప్పుడో మునిగిపోయిన మనిషి పైకెక్కాలని చూస్తుందని, ఎక్కిందంటే ఇంకొకరిని తోడు తీసుకుని గానీ దిగదని చెప్పుకుంటారు. ఇది కల్పించింది కాదు. ఒక రాత్రి అక్కడ గడిపినాయన నోటితో చెప్పగా విన్నదే.

ఆయన హెడ్మాస్టరుగా చేసి దిగిపోయినాయన. దెయ్యాల్లేవని చెప్పీ చెప్పీ నలభై ఏళ్ళు గడిపారు. బళ్ళో పాడుబడ్డ గది ఒకటుంటే పిల్లల్ని సాయంత్రంపూట అందులోకి తీసికెళ్ళి, తలుపు ఎందుకు కిర్రుమంటుందో బందులకి చమురు రాసి మరీ చూపించేవారు. అందుకే ధైర్యం మాస్టారు అని పేరు. ఆ పేరంటే ఆయనకి లోలోపల మహా ఇష్టం.

ఆయన భార్యకి ఒక్కటే కోరిక. బడి గోడమీది పటంలో, సముద్రం మధ్య ఆవాలు చల్లినట్టుండే ఆ దీవుల చుక్కల మీద ఒక్కసారి కాలు పెట్టాలని. ఇన్నాళ్ళకి తీరిక దొరికింది. నడిపే సరంగుతో సహా ఒక తెరచాప పడవని ఐదు రోజులకి మాట్లాడుకున్నారు.

సరంగుకి అరవై దాటాయి. మాట తక్కువ. మెళ్ళో ఎప్పుడూ ఒక ఈల వేలాడుతుంటుంది. కట్టిన ముడినే మళ్ళీ వచ్చి తడిమి చూసుకుంటాడు. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని పడవంతా వెతుకుతుంటే, ఆవిడ నవ్వి, అది తమరి నెత్తికెక్కి కూర్చుంది అన్నయ్యగారూ అనేది. అతనూ నవ్వేవాడు గానీ ఆ నవ్వులో కాస్త బెంగ ఉండేది.

ఎక్కిన రోజే మూడు మాటలు చెప్పాడు. తెరచాప తిప్పేటప్పుడు తల వంచాలి. మంచినీళ్ళు పొదుపుగా వాడాలి. రాత్రిళ్ళు వెనక వేలాడే తాళ్ళ నిచ్చెన పైకి లాగకూడదు. ఎందుకని మాస్టారు అడిగితే, అలవాటండి అన్నాడంతే.

మూడు రోజులు మూడు క్షణాల్లా గడిచాయి. తెల్లటి ఇసుక తిన్నె మీద ఆవిడ చెప్పులు చేతపట్టుకుని చిన్నపిల్లలా తిరిగింది. తాబేలు తల ఎత్తి చూస్తే, దానికి నమస్కారం పెట్టింది.

నాలుగోనాటి సాయంత్రం పడవ కొడవలి వంపు దగ్గరికి వచ్చింది. ఇక్కడ వద్దు, పక్క దీవికి పోదామన్నాడు సరంగు. మాస్టారికి ఆ మలుపు కథ తెలుసు. రేవులో తాళ్ళకొట్టు ముసలావిడ చెబితే, ఆవిడకి అక్కడికక్కడే పెద్ద పాఠం చెప్పి వచ్చారు మరి.

"సముద్రంలో పుట్టి పెరిగావు, నీకూ భయమేనా?" అన్నారు.

సరంగు నీళ్ళకేసి చూశాడు. "భయం కాదు మాస్టారూ... ఇక్కడ నిద్ర పట్టదు."

ఆయన పట్టుబట్టారు. లంగరు అక్కడే పడింది.

రాత్రి ఏ జాముకో మాస్టారికి మెలకువ వచ్చింది. ఆవిడ నిద్రపోతోంది. దాహంవేసి పైకి వచ్చారు. సరంగు పడక ముందువైపు, చుట్టిపెట్టిన తెరచాప చాటున. అటు కనిపించదు. గాలి మళ్ళింది. నీళ్ళు నల్లగా, నూనెలా...

వెనక తాళ్ళ నిచ్చెన ఊగుతోంది.

ఊరికే ఊగడం కాదు. ఇప్పుడే ఎవరో చెయ్యి వదిలినట్టు ఊగుతోంది.

తాళ్ళకొట్టు ముసలావిడ మాట ఆయన చెవిలో గింగురుమంది. గబగబా వంగి, చెయ్యి మార్చి చెయ్యి వేసి నిచ్చెన మొత్తం పైకి లాగేశారు. చెక్కకి రాసుకుని చప్పుడు చేస్తోంది, నిద్ర చెడుతుందని లాగుతున్నాను — అని తనకి తానే చెప్పుకున్నారు. అక్కడ వినేవాళ్ళెవరూ లేకపోయినా చెప్పుకున్నారు. లోపలికి వచ్చి దుప్పటి కప్పుకున్నారు.

ఠక్... ఠక్... ఠక్...

ఆయన తల దగ్గరే, చెక్కకి అవతల.

ఆ వెంటనే ఎంతో దూరం నుంచి వచ్చినట్టు ఒక గొంతు. "...స్టారూ..."

దానికి నేనూ తెలుసా అనుకున్నారు. పైప్రాణాలు పైనే పోయాయి.

కాసేపు ఆగి మళ్ళీ మూడు. ఆవిడ లేచి కూర్చుంది.

"ఏవండీ, ఎవరో తడుతున్నారు."

"అలలు. పడుకో."

"అలలు లెక్కపెట్టుకుని తడతాయా? ఉండండి, చూసొస్తాను."

మాస్టారు ఆవిడ మణికట్టు పట్టుకున్నారు. నలభై ఏళ్ళ కాపురంలో అంత గట్టిగా ఎప్పుడూ పట్టుకోలేదు. ఆవిడ చీకట్లోనే ఆయన మొహంకేసి చూసింది.

తట్టడం ఆగలేదు. మూడు... మూడు... మూడు... తూర్పు తెల్లబడేదాకా ఆయన కుక్కిన పేనులా పడుకుని, ఒక్కొక్కటీ విన్నారు.

తెల్లారాక ముందుగా పైకి వెళ్ళింది ఆవిడే. కేక విని ఆయన పరిగెత్తారు.

పెద్ద పడవ వెనక పొడుగాటి తాడుకి కట్టిన చిన్న పడవలో, సరంగు మునగదీసుకుని పడి ఉన్నాడు. కుడి మణికట్టుకి చొక్కా చుట్టి ఉంది. అదంతా నెత్తురు.

మాస్టారు నిచ్చెన కిందికి వదిలారు. రాత్రి లాగిన చేతులతోనే.

ఆవిడ కట్టు కడుతుంటే సరంగు వణుకుతూ చెప్పాడు. గాలి మళ్ళి లంగరు తాడు రాతికి చుట్టుకుంటే, వాళ్ళని లేపడమెందుకని తనే దిగాడట. రాతికీ తాడుకీ మధ్య చెయ్యి నలిగిందట. తిరిగి వచ్చి చూస్తే నిచ్చెన లేదు. ఒంటి చేత్తో ఆ ఎత్తు ఎక్కలేకపోయాడు.

"నిచ్చెన వదలకుండా ఎలా దిగారు అన్నయ్యగారూ?" అంది ఆవిడ.

సరంగు ఆ నిచ్చెనకేసి చూశాడు. "వదిలాననే అనుకున్నానమ్మా. ఈమధ్య అన్నీ ఇలాగే... ఇంక మనుషుల్ని నమ్మించి నీళ్ళమీదికి తీసుకురాకూడదు నేను. ఇదే ఆఖరు."

చెప్పాల్సిన మాట మాస్టారి గొంతు దాకా వచ్చింది. వచ్చి, మింగుడుపడని మెతుకులా అక్కడే నిలిచిపోయింది.

తిరుగు ప్రయాణమంతా ఆయన చుక్కాని దగ్గర కూర్చుని, సరంగు చెప్పినట్టల్లా తిప్పారు. తిండి ముట్టలేదు. ఆవిడ ఎదురుగా కూర్చుని తన మణికట్టు నిమురుకుంటూ ఉంటే అటు చూడలేకపోయారు. ఎండలో దీవులన్నీ మెరుస్తూ పోయాయి. ఒక్కటీ ఆయన కంటికి ఆనలేదు.

రేవులో పడవ యజమాని గదికి వెళ్ళారు. సరంగు మెళ్ళోని ఈల తీసి బల్లమీద పెట్టాడు. ముప్ఫై ఏళ్ళు మెళ్ళో ఉన్న ఈల. బుర్ర పాడైంది, ఇంకెవరికైనా ఇవ్వండి అన్నాడు.

అప్పుడు లేచింది మాస్టారి గొంతు. "నిచ్చెన ఎత్తింది నేను."

సరంగు తల ఎత్తాడు.

"దెయ్యం ఎక్కుతుందని ఎత్తాను. నువ్వు తట్టావు, పిలిచావు. విన్నాను. ఈవిడ వస్తానంటే రానివ్వలేదు. పొద్దున్న నువ్వు నింద నీమీద వేసుకుంటుంటే, అదీ విన్నాను."

కాళ్ళమీద పడబోతుంటే సరంగు పట్టుకుని ఆపాడు. కోపంతో కాదు. అతని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"అయితే నా బుర్ర బాగానే ఉందన్నమాట," అన్నాడు. అని ఈల తీసుకుని మళ్ళీ మెళ్ళో వేసుకున్నాడు.

ఆ క్షమకి మాస్టారికి తల కొట్టేసినట్టయింది. తిట్టినా బాగుండేది. "తెల్లారేదాకా తడుతూనే ఉన్నావు," అన్నారు, "ఒక్కసారి... ఒక్కసారి లేవలేకపోయాను."

సరంగు చెయ్యి ఈలమీదే ఆగిపోయింది.

"తెల్లారేదాకానా?" గొంతు తగ్గించాడు. "నేను తట్టింది మూడుసార్లే మాస్టారూ. ఒక కేక వేశాను, అంతే. ఉప్పునీళ్ళు మింగి గొంతు పోయింది, ఈల ఊదే ఊపిరీ లేదు. వెనక్కి ఈది చిన్న పడవలోకి పాకాను. ఆ తర్వాత నాకు తెలివే లేదు."

మాస్టారు భార్యకేసి చూశారు. నేనూ విన్నాను అన్నట్టు ఆవిడ తల ఊపింది.

సరంగే మళ్ళీ అన్నాడు. "అందుకే మేం అక్కడ నిచ్చెన ఎత్తం. అక్కడ తట్టేది ఎవర్నీ తీసుకుపోదండి, అవన్నీ ఒడ్డుమీది కబుర్లు. మా తాత చెప్పేవాడు... పైకెక్కి కాసేపు తెరచాప పక్కన కూర్చుంటుందట. ఒళ్ళు ఆరాక దిగిపోతుందట."

ఇప్పుడు ఎవరైనా ధైర్యం మాస్టారూ అని పిలిస్తే, ఆయన కూర్చోబెట్టి ఈ కథ చెబుతారు. తనవాటా సిగ్గు ఒక్క పిసరు తగ్గించుకోకుండా చెబుతారు. దెయ్యాల్లేవనే ఇప్పటికీ అంటారు. కానీ ఆ రాత్రి తను పైకి రానివ్వనిది ఒకరినా, ఇద్దరినా అన్నదగ్గరికి వచ్చేసరికి మాత్రం మాట ఆగిపోతుంది.

మొన్న సరిగ్గా అక్కడ ఆగినప్పుడే, వీధి తలుపు ఎవరో తట్టారు. ఠక్... ఠక్... మూడోది పడకముందే ఆయన లేచి వెళ్ళి తీశారు.

వీధిలో ఎవరూ లేరు.

ఆయన తలుపు మూయలేదు. పక్కకి తప్పుకుని, దారి ఇచ్చి, చీకటితో మెల్లగా అన్నారు —

"రండి... లోపలికి రండి."